మహారాణి గారి స్నానాల గది… మేస్త్రీ గారి బాకీ!

పాలల్లో జలకాలాడే రాణి గారిని వెండితెర మీద చూసి "ఆహా!" అనుకోని ప్రేక్షకుడుంటాడా? 1932లో హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డెమిల్ తీసిన 'ది సైన్ ఆఫ్ ది క్రాస్'లో క్లాడెట్ కోల్బెర్ట్ నీరో చక్రవర్తి భార్య పోపియాగా వేసింది. నేలలోకి దిగిన పెద్ద తొట్టి, దాన్నిండా గాడిదపాలు, ఆ పాల మీద తేలుతున్నట్టు ఆమె గారి భుజాలు! తొంభై ఏళ్ళు దాటినా ఆ సీను గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

అసలు సంగతి వింటే మాత్రం ముక్కు మూసుకుంటారు. అవి గాడిదపాలు కావు సుమా! నీళ్ళలో కలిపిన పాలపొడి. ఆ రోజుల్లో స్టూడియో లైట్లంటే కొలిమే కదా! రెండోనాటికే పాలు విరిగి, గడ్డకట్టి, ఫ్లోరంతా ఒకటే కంపు కొట్టిందని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ తొట్టిలోనే కూచుని పాపం ఆవిడ చిరునవ్వు నవ్వింది.

ఈ ముచ్చట ఊరికే ఎత్తుకోలేదు. కిందటేడు ఒక షూటింగ్ కవర్ చెయ్యడానికి వెళ్ళినప్పుడు, పాత పరిచయస్తుడు మోల్డింగ్ మేస్త్రీ కనిపించారు. మద్రాసులో పని మొదలెట్టి, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చేసిన మనిషి. పౌరాణికాలకి ఎన్ని సింహాసనాలు, ఎన్ని ఏనుగు తలలు పోతపోశారో ఆయనకే లెక్క తెలీదు. ఆ రోజు మాత్రం మొహం వేలాడేసుకుని ఉన్నారు.

"బాబూ, మీరు పుస్తకాలు చదువుతారు గదా, ఒక మాట చెప్పండి. ఆ క్లియోపాత్రా వాళ్ళ స్తంభాలు నీళ్ళకి కరిగేవి కావా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన కథ విన్నాక నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

జూబ్లీహిల్స్‌లో ఓ ఆసామి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఎలిజబెత్ టేలర్ 'క్లియోపాత్రా' (1963) బొమ్మలు ఫోనులో చూపించి, "నా బాత్రూం అచ్చం ఇలాగే ఉండాలి" అన్నాడు. ఆ సినిమాకి కళాదర్శకత్వంతో సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి మరి, ఎవరికి మాత్రం మోజు పుట్టదు? సగం డబ్బు ముందు, సగం తర్వాత అని ఒప్పందం. మేస్త్రీ గారు తనకి చేతనైన పద్ధతిలోనే చేశారు. కొబ్బరి పీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఎనిమిది స్తంభాలు, గోడకి సింహం తల, దాని నోట్లోంచి నీళ్ళు. ఆ పైన పాలరాయిలో కనిపించే నీలి ఈనెలు సన్న కుంచెతో గీసేశారు. ఆయన చెయ్యి అలాంటిది, రెండడుగుల దూరం నుంచి చూస్తే నేనూ మోసపోతాను. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళందరూ ఆ గదిలోనే ఫొటోలు తీయించుకున్నారట.

వేడినీళ్ళ ఆవిరి తగిలిన మూడో నెలకి స్తంభాలు మెత్తబడి ఉబ్బాయి. రంగు బొబ్బలెక్కింది. ఓ పొద్దున్నే సింహం ముక్కు ఊడి ఆసామి గారి పాదాల దగ్గర పడింది! అంతే, రావలసిన సగం ఆగిపోయింది. ఊళ్ళో పేరూ పోయింది.

"సెట్టు వారం రోజులు నిలబడితే చాలు బాబూ. నాకు నేర్పిందీ అదే" అన్నారాయన.

ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికెళ్ళి పాత పుస్తకాలు తిరగేశాను. సినిమాలో చూసే రోమన్ స్నానాల గది ఒకటి, నిజం ఇంకొకటి. నిజమైన రోమ్‌లో జనం చాలామంది వీధి స్నానశాలకే పోయేవారు. క్రీ.శ. 216లో మొదలైన కారకల్లా స్నానశాలలో ఒకేసారి సుమారు 1600 మంది పట్టేవారంటే చూడండి! గోరువెచ్చటి గది, వేడి గది, చల్లటి గది… కొలిమిలో మంటపెట్టి ఆ వేడిగాలిని నేల కిందికి పంపేవారు. నేల నిలిచేది పొట్టి ఇటుక స్తంభాల మీద. సబ్బు లేదు, ఆలివ్ నూనె పట్టించి వంకర ఇనప పలకతో గీకెయ్యడమే. పోపియా గాడిదల కథ మాత్రం డెమిల్ కల్పన కాదు. ఐదు వందల గాడిదల్ని వెంట తిప్పుకునేదని ప్లినీ రాసిపెట్టాడు.

మేస్త్రీ గారికి వీటిలో నచ్చింది ఒక్కటే. రోమన్లు తడి తగిలే చోట సున్నంలో ఇటుక పొడి కలిపి పూసేవారని చెప్పగానే ఆయన లేచి కూచున్నారు.

"ఇంతేనా! మా నాన్న చేసింది అదేగా! గానుగ సున్నం, సుర్ఖీ, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు… ప్లాస్టర్ తొందరగా గట్టిపడుతుందని మేమే మానేశాం."

మర్నాడే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి లాక్కెళ్ళారు నన్ను. అక్కడ హమ్మాం ఉంది. మధ్యలో అరుగు, చుట్టూ వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ తొట్లు. అభిమానులారా, గులాబీ రేకులు ఊహించుకోకండి. అది రాజవంశీకుల కడసారి స్నానానికి కట్టింది! ఆయన అదేమీ పట్టించుకోలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఓ మూల గోడని అరచేత్తో చాలాసేపు తడిమి చూస్తూ నిలబడ్డారు. కాపలాదారు వచ్చి గదమాయిస్తేగానీ కదల్లేదు.

ఆ తర్వాత సొంత డబ్బుతో మళ్ళీ మొదలెట్టారు. భార్య వద్దందట. నేనూ వద్దన్నాను. మేం కాదు, ఆసామే పిలిచి ఇంకో పనివాడికి ఇచ్చేస్తానన్నా వినలేదు. పాత స్తంభాలు పగలగొట్టి రాయివి నిలబెట్టారు. కొలతలు తగ్గి, ఎనిమిది కాస్తా నాలుగయ్యాయి. గోడకి సున్నం, సుర్ఖీ పూతల మీద పూతలు వేసి, నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దారు. రంగు పెట్టలేదు. లేత గులాబీ వన్నె దానంతటదే వచ్చింది. నా మటుకు నాకు మొదటిదే ఎక్కువ తళుక్కుమనిపించింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు లెండి. సింహం ముక్కు మాత్రం ఈసారి బ్రహ్మాండంగా కుదిరింది.

బాకీ ఇంకా రాలేదు. వానాకాలం వెళ్ళాక చూద్దాం అన్నాడట ఆసామి. మేస్త్రీ గారు రోజూ పొద్దున్నే ఆ ఇంటి మీదుగా వెళ్ళి, వెనక గుమ్మంలోంచి గోడ తడి చూసుకుని, అక్కణ్ణించి షూటింగ్‌కి వస్తున్నారు. ఇప్పుడు చేస్తున్నది ఓ రాజుగారి దర్బారు సెట్టు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనే!