కారులోని నీరు ఎచటికి పోవును?

ప్రతిదినము కనబడు దోషమును పట్టుకొనుట సులభము. ఒకనాడు కనబడి పదునైదు దినములు దాగు దోషమే యజమానిని, మెకానిక్కును సమానముగా ఏమార్చును. చిన్న కారులో అప్పుడప్పుడు నీరు తగ్గి ఇంజను వేడెక్కుట అట్టి దోషము. పెనుకొండ సమీపమున ఎర్రమంచిలో 2019 నుండి కొత్త కారులు తయారగుచున్నవి. కాని మన దారులలో తిరుగు పాత బండ్లు ఇంకను పెక్కులు కలవు. అట్టిదే మాది.

ధర్మవరము వీధులలో తిరుగునంతవరకు దానికి ఏ జబ్బును లేదు. పట్టునూలు కొరకు హిందూపురమునకు పోవునపుడు మాత్రము, అదియు కొన్ని పర్యాయములే, పెనుకొండ దాటగనే వేడిని చూపు ముల్లు ఎర్రగీత వైపు పోవుచుండెను. చల్లారిన పిదప చూచిన అరలీటరు నీరు తక్కువ. క్రింద ఒక్క చుక్కయు లేదు. బోరునీరు పోసి సాగిపోవుచుంటిమి. థర్మోస్టాటు మార్చితిమి, ఫాను మార్చితిమి. కొన్ని దినములు బాగుండి వ్యవహారము మరల మొదటికి వచ్చెను.

ఒక వేసవిలో మా చెల్లెలిని ప్రసవమునకు హిందూపురము తీసికొనిపోవుచుండగా, సోమందేపల్లి చేరకమునుపే ఇంజను ఆవిరి గ్రక్కెను. మా తమ్ముడు తొందరపడి రేడియేటరు మూతపై చేయి వేయబోయెను. ప్రక్కన ఆగిన లారీ డ్రైవరు "ముట్టొద్దప్పా!" అని కేకవేసి ఆపెను. లేనిచో వాని ముఖమే కాలియుండును. చెల్లెలిని మరియొక కారువారు ఎక్కించుకొనిరి. ఆమె వేళకు చేరినది. కారణము తెలియక ఈ బండిని దూరప్రయాణమునకు తీయరాదని ఆనాడే నిశ్చయించితిమి.

రేడియేటరు మూత వట్టి మూత కాదు. అది ఒత్తిడిని నిలుపు కవాటము. అనేకమైన చిన్న కారులలో అది చదరపు సెంటీమీటరునకు రమారమి 0.9 కిలోగ్రాముల ఒత్తిడిని ఆపును. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరుగుటకు ఎక్కువ వేడి కావలెను. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల ఎత్తున నున్నది. అచట తెరచిన పాత్రలో నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగును. మూత బిగువుగా నున్నచో ఇంజనులోని నీరు 115 డిగ్రీలు దాటువరకు మరుగదు. ఊరిలో ఇంజను వేడి 90 డిగ్రీల ప్రాంతమున నుండును గనుక చెడిన మూత గుట్టు బయటపడదు. ఎండలో, ఎత్తెక్కుచు, నిండు బరువుతో పోవునపుడు నీరు మరిగి, ప్రక్కనున్న సీసాలోనికి పొంగి, దారిలోనే ఆవిరియై పోవును. ఇంటివద్ద చుక్క కానరాకుండుటకు ఇదియే కారణము.

మా కారు మూత రబ్బరుపై సున్నపుపొర పేరుకొని యుండెను. టీ కాచు గిన్నె అడుగున కట్టు తెల్లని పొర వంటిదే అది. మేము పోసిన బోరునీటి ఫలము. మూత సరిగా కూర్చున్ననాడు ప్రయాణము సుఖము, కూర్చుననినాడు కష్టము. క్రొత్త మూత వేసి, లోపల కడిగించి, శుద్ధజలముతో కలిపిన కూలెంటు పోయించితిమి. వ్యాధి కుదిరెను.

అయితే ప్రతి కారునకు మూతయే దోషి కాదు. వరుసగా విచారింపవలెను. ఉదయమున ఇంజను చల్లగా నున్నపుడు సీసాపై గీత గీసి, ప్రతిదినము అదే వేళ చూడుడు. రాత్రి బండి క్రింద అట్ట పరచుడు. నిలిచియున్నపుడే వేడెక్కిన ఫానును, వేగముగా పోవునపుడు వేడెక్కిన పూడిన రేడియేటరును, థర్మోస్టాటును అనుమానింపుడు. చల్లని ఇంజనునకు చేతిపంపుతో ఒత్తిడి పెట్టించుడు. ముల్లు దిగినచో ఎచటనో కారుచున్నదన్నమాట. గొట్టముల బిగింపులయొద్ద, నీటిపంపుయొద్ద ఎండిన రంగు మరకలు దారి చూపును.

బయట ఎచటను కారక నీరు తగ్గుచు, నూనె పాలవలె మారినను, తెల్లని పొగ ఆగకుండ వచ్చినను, సిలిండరు తల క్రింది గాస్కెటు చెడియుండవచ్చును. అపుడు బండి నడుపరాదు.

దారిలో ముల్లు ఎర్రగీత చేరినచో వెంటనే ఆపుడు. అరగంటయైన ఆగి, పై గొట్టము చేతికి చల్లగా, మెత్తగా తగిలిన పిమ్మటనే, గుడ్డ కప్పి మూతను మెల్లగా త్రిప్పుడు. కాలిన ఇంజనులో చన్నీరు గ్రుమ్మరింపరాదు, తల వంకరపోవును. ఆలస్యమైనను చేరుదుము, తొందరపడిన ఇంజనుకో, చేతికో ముప్పు.