“యూజ్డ్ టు” అను ప్రయోగము

మా విద్యార్థులు వ్రాయు నింగ్లీషు వ్యాసములలో తఱచుగాఁ గనఁబడు తప్పులలో “యూజ్డ్ టు” అనుదానికి సంబంధించినది యొకటి. చూచుటకిది స్వల్పమే, కాని దీనివలన నొక్కొక్కప్పుడు సత్యమే తారుమారగును.

కొంతకాలము క్రిందట మా పూర్వవిద్యార్థి యొకఁడు ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసి మాకుఁ జూపెను. అందు “ఐ యూజ్డ్ టు టీచ్ చిల్డ్రన్ ఎవ్రీ ఈవెనింగ్” అని యుండెను. అతఁడు నేఁటికిని ప్రతిసాయంకాలము పిల్లలకుఁ జదువు చెప్పుచునే యున్నాఁడు. కాని యా వాక్యమును జదివినవారు, “పూర్వము చెప్పెడివాఁడు, ఇప్పుడు మానెను” అని తలంతురు. తన మంచి యలవాటును తానే కాదన్నట్లయ్యెను!

ఈ పొరపాటునకుఁ గారణమేమి? “యూజ్డ్ టు” అనఁగా నలవాటని మాత్రమే మన బాలురు నేర్చుకొందురు. తెలుఁగున “చెప్పుచుందును” అనునది నేఁటి యలవాటు. “చెప్పెడివాఁడను” అనునది గతించిన యలవాటు. “యూజ్డ్ టు” ఈ రెండవదానికే చెల్లును. మొదటిదానికి “ఐ టీచ్” అన్నఁ జాలును. పూర్వపు టింగ్లీషున నీ క్రియ వర్తమానమునకును చెల్లెడిది. కాలక్రమమున భూతకాలరూపమే నిలిచినది.

మన యూరినే యుదాహరణముగాఁ గొందము. రేగొండ 2016 అక్టోబరు 11వ తేదీకి ముందు వరంగల్లు జిల్లాలో నుండెడిది. ఆనాఁడు క్రొత్తగా నేర్పడిన భూపాలపల్లి జిల్లాలోఁ జేరెను. కావున “రేగొండ యూజ్డ్ టు బి ఇన్ వరంగల్ డిస్ట్రిక్ట్” అనుట యొప్పు. “పాండవుల గుట్ట యూజ్డ్ టు బి నియర్ రేగొండ” అన్నచో, గుట్ట యెచ్చటికో లేచిపోయినదని యర్థమగును!

ఇఁక “ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్” అనునది వేఱు. నడచుట నాకలవాటైనదని దీని భావము. ఇచ్చట “టు” తరువాత నామవాచకము గాని “ఇంగ్” అంతమందుఁ గల రూపము గాని రావలెను. “వాక్” అని వ్రాయరాదు.

పలుకునప్పుడు “యూజ్డ్” చివరి “డి” వినఁబడదు. అందుచేత వ్రాఁతలోఁ గొందఱు దానిని విడుతురు. విడువరాదు. “డిడ్ నాట్” తరువాత మాత్రము “యూజ్ టు” అని “డి” లేకయే వ్రాయవలెను.

విద్యార్థులారా, ఈ మాట వ్రాయుటకు ముందు “ఇది యిప్పుడును జరుగుచున్నదా?” అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుఁడు. జరుగుచున్నచో “యూజ్డ్ టు” వలదు. మన వ్రాఁత మన మాఱుగా నిలిచి పలుకును. అది యసత్యము పలుకకుండఁ జూచుట మన బాధ్యత.