పాత సైకిలు ఫ్రేమునకు కాలిపర్ బ్రేకులు అమర్చుట

గడచిన వానలలో ఉప్పల్ నుండి నాచారమునకు తెల్లవాఱుజామున పాలు మోయు సభ్యులు కొందఱు మమ్ము ఒకే ప్రశ్న యడిగిరి. తండ్రులనాటి ఇరువదియెనిమిది అంగుళముల సైకిలునకు రాడ్డు బ్రేకులు తీసివేసి, క్రొత్త సైకిళ్లకు వచ్చు కాలిపర్ బ్రేకులు బిగింపవచ్చునా యని. బిగింపవచ్చును. కాని బ్రేకు కొనుటకు ముందు రిమ్మును చూడవలెను, దూరమును కొలువవలెను. ఈ రెండు పనులును విడిచి ముందుగా దుకాణమునకు పోయినవారు సొమ్ము పోగొట్టుకొందురు. మేమును పోగొట్టుకొంటిమి.

ఈ ప్రశ్న వేడుకకు పుట్టినది కాదు. పాలు లీటరునకు కిలో కంటె కొంచె మెక్కువ తూగును. ఇరువది లీటర్ల క్యాన్లు రెండు కట్టినచో పాలే నలువదియొక్క కిలోలు, క్యాన్ల బరువు వేఱు. ఉప్పల్ భగాయతులో మూసీ నీటితో పారాగడ్డి పెంచినకాలమున ఆ గడ్డిమోపులతో మట్టిబాటల వెంట మెల్లగా పోయినవారికి రాడ్డు బ్రేకులు చాలెను. ఆ నేలలో చాలభాగము ప్లాట్లైనది. 2019లో వేలములును జరిగినవి. సైకిలు మాత్రము ఇంటనే యున్నది; అది యిప్పుడు ఉప్పల్ చౌరస్తాలో బస్సుల నడుమ నిలువవలసియున్నది.

మన యిండ్లలోని పాత సైకిళ్లు చాలవఱకు 1949లో మద్రాసు సమీపమున అంబత్తూరులో ఆరంభమైన కర్మాగారపు హెర్క్యులీసులో, 1951లో సోనీపట్‌లో పుట్టిన అట్లాసులో అయియుండును. ఫ్రేములు గట్టివి. లోపము బ్రేకులోనే కలదు. రాడ్డు బ్రేకు రబ్బరులను పైకి లాగి, రిమ్ము లోపలివైపున, అనగా ఇరుసునకు ఎదురుగానున్న ముఖమున, ఒత్తును. అందులకై చేసిన రిమ్మునకు వెస్టువుడ్ రిమ్మని పేరు. దాని ప్రక్కలు గుండ్రముగా నుండును. కాలిపర్ బ్రేకు అట్లు కాదు. అది పటకారువలె రెండు చేతులతో రిమ్మును ఇరుప్రక్కల నుండి నొక్కును. గుండ్రని ప్రక్కను నొక్కిన రబ్బరునకు ఆనుటకు చోటు లేక జాఱి, పైకి టైరుమీదికో క్రిందికి పుల్లలలోనికో పోవును. కావున వెస్టువుడ్ రిమ్మును మార్చకుండ కాలిపర్ బిగించుట కూడదు.

రిమ్ము మార్చునపుడు టైరు కూర్చుండు వ్యాసమును చూడుడు. పాత ఇరువదియెనిమిది అంగుళముల చక్రమునకు అది 635 మిల్లీమీటర్లు. ఆ కొలతలోనే ప్రక్కలు చదునైన రిమ్ము దొరకినచో అదృష్టమే. టైరు మార్చ నక్కఱలేదు. దొరకనిచో 622 కొలత గల ‘ఏడువందల సి’ రిమ్ము తీసికొనవలెను. అపుడు టైరును, పుల్లలును మారును. పుల్లలను లెక్కించియే దుకాణమునకు పొండు. మన పాత చక్రములకు సాధారణముగా ముందు 32, వెనుక 40 ఉండును. క్రొత్త రిమ్ములలో నలువది రంధ్రములవి అరుదు. అల్యూమినియము రిమ్మే మేలు. తడిసిన ఇనుపరిమ్ముమీద, మెఱుగుపూత యున్నదానిమీద మఱియు, రబ్బరు జాఱును.

ఇక కొలత. చక్రమును ఫోర్కులో తుదివఱకు కూర్చుండబెట్టి నట్లు బిగింపుడు. బ్రేకు బోల్టు దూఱు రంధ్రపు నడిమినుండి రిమ్ము చదును ప్రక్క నడిమివఱకు తిన్నగా క్రిందికి కొలువుడు. ముందు వేఱుగ, వెనుక వేఱుగ కొలువవలెను. రెండును ఒకటి కావు. 635 చక్రముతో అరువది మిల్లీమీటర్లు వచ్చిన ఫ్రేమునకు 622 చక్రము వేసినచో రిమ్ము ఆరున్నర మిల్లీమీటర్లు దిగి, దూరము 66.5 అగును. దుకాణములో విరివిగా నుండు కాలిపర్ 47 నుండి 57 వఱకే అందుకొనును. మనకు 55 నుండి 73 వఱకు అందు పొడవుచేతులది కావలెను. చేయి పొడవైనకొలది పట్టు కొంత తగ్గునని మఱువరాదు. అయినను వానలో రాడ్డు బ్రేకు కంటె నయమే.

మాకు జరిగినది చెప్పెదము. మేము కొలువకయే 57 వఱకు అందు బ్రేకు తెచ్చితిమి. రబ్బరులు రిమ్మును పూర్తిగా అందుకొనలేదు. బిగించినవాడు వానిని క్రిందికి వంచి, సరిపోయినదనెను, మేము నమ్మితిమి. నాలుగు దినములు చక్కగా నిలిచెను. ఆ నాలుగు దినములును రబ్బరు పై యంచు టైరు ప్రక్కను ఒరయుచునే యుండెను. అయిదవనాడు నాచారము దారిలో, తోటకూర కట్టలతో పోవుచుండగా, ముందు టైరు ప్రక్క చీలి ట్యూబు ప్రేలెను. వెనుక వచ్చు ఆటోవాడు ఆపబట్టి భుజము నొప్పితో బయటపడితిమి. పాఠశాలలో మా గణితోపాధ్యాయుడు కొలబద్దతో వ్రేళ్లమీద కొట్టి నేర్పినది ఆనాడు జ్ఞప్తికి వచ్చినది.

బోల్టు సంగతి. కాలిపర్ బోల్టు ఆరు మిల్లీమీటర్లది. పాత రోడ్డు సైకిళ్ల ఫ్రేములకు ఆ రంధ్రమే యుండి, వెనుకనుండి నట్టు బిగింతురు. నేటి బ్రేకులకు లోనికి దిగు పొట్టినట్టు వచ్చును. దానికి ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రము కావలెను. అట్టిచో ఫోర్కు వెనుకవైపు మాత్రమే పెద్దది చేయవలెను, ముందువైపు ముట్టరాదు. వెనుక చక్రపు అడ్డపట్టిని తొలుచుటకంటె, ముందు బ్రేకునకు వచ్చు పొడవుబోల్టుతో, వంపు వాషరు వేసి, బయటి నట్టు బిగించుట మంచిది. ఫోర్కునకు అసలు రంధ్రమే లేనిచో ఇంట చేతి బర్మాతో తొలువకుడు. నాచారపు పనిశాలలలో యంత్రపు బర్మా గలవారికి చూపుడు. లోహము పలుచనని వారన్నచో ముందు రాడ్డు బ్రేకునే, దాని రిమ్మునే, ఉంచుకొనుడు.

రబ్బరు పట్టుకొను లోహపు గూడు కొన్నింట ఒకవైపు తెఱచియుండును. మూసిన కొన ముందుకు ఉండవలెను, వెనుక చక్రమునకు కూడ. రిమ్ము పైభాగము ముందుకు తిరుగుచు రబ్బరును తనతో ఈడ్చును గనుక, తెఱచిన కొన ముందున్నచో బ్రేకు పట్టినపుడే రబ్బరు ఊడి పడును. ప్రతి బిగింపు తరువాత దీనిని మీకన్నుతో చూచుకొనుడు. బ్రేకు పిడి కాలిపర్‌నకు చెప్పినదే కొనుడు. వి-బ్రేకు పిడి వేసినచో చేయి గట్టిగా నొక్కినను పట్టు చాలదు. తీగ తొడుగును అడ్డముగా తిన్నగా కోసి, కొనను ఆకురాతితో నునుపు చేయవలెను.

అన్నియు బిగించిన పిమ్మట ఖాళీ సైకిలుతో, తరువాత నీళ్లు నింపిన క్యాన్లతో, రిమ్ములు తడిపి, జనములేని బాటలో నిలిపి చూడుడు. వారము దినములకు తీగ సాగును, మరల బిగింపవలెను. తీసిన రాడ్లను పాతయినుమువానికి ఇయ్యకుడు. మార్చుకొనని సభ్యులు పెక్కండ్రున్నారు. సంఘపు కొట్టులో నుంచినచో వారికి పనికివచ్చును.