బెండకాయ వద్దన్న బిడ్డే చెట్టు మీద కాయ తెంపి తిన్నది

ఈసారి వీడియో పంట దిగుబడి గురించి కాదు, మన పిల్లల కంచం గురించి.

ఆర్మూర్‌లో ప్రకృతి సేద్యం కూరగాయలు అమ్ముతా. కానీ మా ఆరేండ్ల బిడ్డ ఆలుగడ్డ తప్ప ఏదీ ముట్టేది కాదు. బతిమాలినం, బెదిరించినం, ఫోన్ చూపెట్టి తినిపించినం. ఏదీ పనిచేయలే.

తప్పు నాదే అని తర్వాత అర్థమైంది. మందులు కొట్టే రోజుల్లో బిడ్డ చేనుకొస్తే "ముట్టకు, నోట్లో పెట్టకు" అనేటోళ్లం. చేన్ల కాయంటే భయం పెట్టి, అదే కాయ కంచంలో వేస్తే ఎట్ల తింటది?

పోయిన వానాకాలం పసుపు చేను గట్టు మీద ఆమెకు చిన్న మడి ఇచ్చినం. పిల్లలకు ఓపిక తక్కువ. అందుకే ముందు మెంతికూర, పాలకూర వేయించిన. 25 రోజుల్లో కోతకొస్తయి. పక్కన బెండ, 45 రోజులకు కాయ మొదలైతది.

మెంతికూర పప్పు రెండు ముద్దలు తిని లేచింది. మేం ఏమనలే. కొత్త కూర అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూపించాలని పోషకాహార నిపుణులు చెప్తరు. మనం రెండోసారికే "మావోడు తినడు" అని వదిలేస్తం.

బెండ కాయగానే లేత కాయ తెంపి, కడిగి, కసుక్కున కొరికింది. "బాపూ, గిది నా చెట్టుది!" ఆ ముఖం వీడియోలో చూడండి. కాకరకాయ మాత్రం ఇప్పటికీ వద్దంటది. ఉండనీ.

బడి మధ్యాహ్న భోజనం లెక్కలో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, 6 నుంచి 8 తరగతులకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలి. 50 గ్రాములంటే నాలుగైదు బెండకాయలు. వండుడు కష్టం కాదు, కంచం అంచుకు తోసేయకుండా తినుడే కష్టం.

చిన్న మడికి జీవామృతం: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పొద్దున సాయంత్రం కలపాలి.

ఒక జాగ్రత్త: ఇందులో పేడ ఉంటది. పిల్లలు పచ్చిగా తినే మొక్కలకు ఆకుల మీద చల్లొద్దు, మొదట్లో మట్టికే పోయండి. తెంపినంక మంచి నీళ్లతో కడగాల్సిందే. పక్క చేన్ల మందు కొడితే ఆ మడి కాయలు పిల్లలకు పెట్టొద్దు.

జాగ లేకుంటే రెండు పాత బకెట్లు చాలు. కానీ విత్తనం మాత్రం బిడ్డ చేతితోనే వేయించండి.