నిప్పుకు ముందే తాళం

రంగారెడ్డి జిల్లా మంచాల వంటి వూళ్ళలో చలికాలం ఒక దుప్పటితో, రెండు చెంబుల వేన్నీళ్ళతో గడిచిపోతుంది. ఇంగ్లండు, ఐర్లండు పల్లెల్లో అట్లా కుదరదు. గ్యాసు గొట్టం అందని యిళ్ళవారు చాలామంది పెరట్లో పెద్ద ట్యాంకు నిండా నూనె పోయించుకుంటారు. అది మన కిరసనాయిలు జాతిదే. దానితో బాయిలరు మండించి, ఆ వేన్నీళ్ళను గదిగదికీ పారించి యిల్లు వెచ్చబెట్టుకుంటారు.

బాయిలరు దగ్గర నిప్పు చెలరేగితే, ట్యాంకులోని నూనె దానికి ఆహారం కాకూడదు గదా! అందుకని గొట్టం గోడ దాటి లోపలికి వచ్చేచోట, బయటి వైపున, ఒక వాల్వు బిగిస్తారు. దాని తాలూకు సన్నని తీగవంటి గొట్టం బాయిలరు మంట పైదాకా వెళ్ళి వేడిని కనిపెడుతూ వుంటుంది. వేడి హద్దు మీరగానే వాల్వు తనంత తానే మూసుకుంటుంది. నిప్పు లోపల, తాళం బయట. కిటుకంతా అదే.

ఇక మన వంటిళ్ళ సంగతి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక పేదల యిళ్ళలోనూ గ్యాసు పొయ్యి వెలిగింది. 14.2 కిలోల సిలిండరు మీది రెగ్యులేటరే మనకు తాళం. కాని మామూలు రెగ్యులేటరు వేడిని కనిపెట్టి మూసుకోదు. తిప్పవలసింది మన చెయ్యే.

చాలామంది పొయ్యి మీట కట్టేసి నిద్రపోతారు. అప్పుడు రబ్బరు గొట్టం రాత్రంతా గ్యాసుతో నిండే వుంటుంది. ఎలుక కొరికినా, రబ్బరు పగిలినా గ్యాసు బయటపడుతుంది. అది గాలికంటె బరువు గనుక నేలబారునే పరుచుకుంటుంది. తెల్లవారుజామున దీపం స్విచ్చి వేస్తే పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ఘోరం జరగడానికి.

కనుక రాత్రి రెగ్యులేటరు మూసిన తరువాతే పడక. సురక్షా గొట్టాన్ని అయిదేళ్ళకొకసారి మార్చాలి. కారుతున్నదని అనుమానమైతే సబ్బునీళ్ళు పూసి చూడండి. బుడగలు లేస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం చూడకండి. వాసన గుప్పుమంటే స్విచ్చి వేయకండి, తీయకండి. మంటలన్నీ ఆర్పి, రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరచి, బయటికి వచ్చిన తరువాత 1906కు ఫోను చేయండి.

ఇదంతా ఆడవాళ్ళ పని అని మగవారు తప్పుకోరాదు. ఇంట్లో చివర పడుకునేది ఎవరైతే, ఆ రాత్రికి తాళం వారిదే.