కడిగితే పోయేది, పోనిది

పంట రుణాల తనిఖీకి నేను మూసీ వెంబడి ఊళ్లకు వెళ్తుంటానని మా కాలనీలో అందరికీ తెలుసు. అందుకే తరచూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "అన్నయ్యగారూ, ఆకుకూరలు మానేయమంటారా?"

మానేయక్కర్లేదు. కడిగితే ఏది పోతుందో, ఏది పోదో తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

హైదరాబాదు దాటాక మూసీలో వేసవిలోనూ నీరుంటుంది. అందులో ఎక్కువ భాగం నగరం వదిలిన మురుగే. దానితోనే వరి, గేదెలకు పారాగడ్డి, మనకు ఆకుకూరలు పండుతున్నాయి. రైతును తప్పుపట్టలేం, ఆ మురుగు ఆయన కలిపింది కాదు.

మురుగులోని సూక్ష్మజీవులు బాగా ఉడికిస్తే చస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం అలా కాదు. అవి మూలకాలు కనుక కుళ్లవు, వంట వేడికి నశించవు. నేల వాటికి మన రికరింగ్ డిపాజిట్ లాంటిది. పెట్టిన ప్రతి తడికీ కాస్త జమ అవుతుంది, విత్‌డ్రాయల్ దాదాపు ఉండదు.

అయితే అన్ని లోహాలూ ఒకేలా ప్రవర్తించవు. సీసం మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. మొక్కలోకి వెళ్లినా ఎక్కువగా వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆకు మీద కనిపించే సీసంలో చాలాభాగం దుమ్ము, మట్టే. నాలుగైదు నీళ్లలో జాడిస్తే అది చాలావరకు పోతుంది. ముల్లంగి, క్యారెట్ చెక్కు తీస్తే మరీ మంచిది. కాడ్మియం సంగతి వేరు. జింకును పోలి ఉండటంతో మొక్క దాన్ని లోపలికి రానిచ్చి ఆకులదాకా పంపుతుంది. పాలకూర ఇందులో ముందుంటుంది, టమాటా, బీర వంటి కాయల్లోకి చేరేది తక్కువ. కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలో ఆకుకూరలో కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. ఒంట్లోకి చేరినది మూత్రపిండాల్లో ఏళ్లతరబడి ఉండిపోతుంది.

జపాన్‌లో జింజు నది ఒడ్డున గని వదిలిన కాడ్మియం వరిపొలాల్లో చేరి, ఎముకలు పెళుసై విరిగే జబ్బు తెచ్చింది. బాధితుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. 'ఇటాయ్ ఇటాయ్' అంటే 'నొప్పి, నొప్పి' అని అర్థం, జబ్బుకు అదే పేరైంది. కారణం కాడ్మియమేనని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. పొలాలను బాగుచేసే పని 2012 దాకా సాగింది.

మన వంటింట్లో చేయగలిగింది రోజూ ఒకే కూర, ఒకే చోటినుంచి కొనకపోవడం. రక్తహీనత ఉన్నవారి ఒళ్లు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. కాబట్టి ఇంట్లో ఆడపిల్లలకు ఐరన్ లోపం లేకుండా చూడటమూ ఇందులో భాగమే. మిద్దెతోట వేసేవారు పాత బ్యాటరీల డబ్బాలు, రంగు పెచ్చులూడే టబ్బులు వాడవద్దు.

ఇక రైతు సంగతి. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. జింకు, రాగి ఉన్నాయి గానీ సీసం, కాడ్మియం లేవు. కార్డు బాగుందంటే నేల శుభ్రంగా ఉందని కాదు. ఆ పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. ఆమ్ల నేలల్లో సున్నం వేస్తే మొక్క కాడ్మియాన్ని తక్కువగా తీసుకుంటుంది. నేల మరీ పాడైన చోట ఆకుకూర మాని పూలు వేసుకోవచ్చు. బంతికీ చేమంతికీ మనం పంట రుణం ఇస్తూనే ఉన్నాం.