ముసలి ఫోనుకు కొత్త బరువు

మదనపల్లెలో పాఠాలు చెప్పుకొనే నాకు, కుప్పంలో ఉంటున్న మా అమ్మతో రోజూ రాత్రి 8 గంటలకు మాట్లాడడం ఒక వ్రతం. నేను అయిదేళ్ళు వాడిన స్మార్టుఫోనునే ఆవిడకిచ్చాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, కొత్త సాఫ్టువేరు వచ్చిందని తెరమీద కనిపించింది. పోయేముందు ఈ సేవ కూడా చేసిపోదామని అప్‌డేటు చేసి వచ్చాను.

అంతటితో వ్రతభంగమైంది. ఇక్కడ గంట మోగుతూనే ఉంటుంది, అక్కడ జవాబుండదు. మూడోసారికో నాలుగోసారికో అమ్మ పలికేది. ఏమైందని అడిగితే, "ఏం లేదు నాయనా, నా వేళ్ళే మొద్దుబారినట్టుండాయి. ఎంత నొక్కినా పలకదు. ముసలిదాన్నయిపోయినాను గదా!" అంది.

నా ప్రాణం చివుక్కుమంది. మందగించింది ఫోను; నింద వేసుకున్నది అమ్మ!

రెండు వారాలు ఓపికపట్టి, ఒక ఆదివారం కుప్పం వెళ్ళాను. నా ఫోను అమ్మ చేతిలో పెట్టి, ఆ పాత ఫోను తీసుకుని, తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగి ఒక రిపేరు కొట్టులో చూపించాను. కొట్టు కుర్రవాడు పరీక్షించి, "ఫోను బాగానే ఉంది సార్. లోపల జాగా లేదు, బ్యాటరీకి వయసైపోయింది" అన్నాడు.

సంగతేమిటంటే, కొత్త సాఫ్టువేరును కొత్త ఫోన్ల బలం చూసుకుని తయారుచేస్తారు. పాత ఫోనులో ప్రాసెసరూ, మెమరీ కొన్ననాటివే. ఒంగోలు ఎద్దులు లాగే బండికి పుంగనూరు పొట్టి ఆవును కట్టినట్టన్నమాట! అప్‌డేటు తర్వాత ఒకటి రెండు రోజులు లోపల సర్దుబాట్లు జరుగుతాయి. అప్పటి మందకొడితనం దానంతటదే పోతుంది. జాగా నిండిపోయినా, బ్యాటరీ నీరసించినా మాత్రం పోదు. లిథియం బ్యాటరీ కొన్ని వందలసార్లు ఛార్జి అయ్యేసరికి దాని సత్తువ తగ్గడం సహజం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2017 జనవరిలో ఆపిల్ కంపెనీ పంపిన అప్‌డేటులో, బ్యాటరీ నీరసించిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగం తగ్గించే ఏర్పాటు ఉంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. వాడేవారికి ఆ మాట తేటగా చెప్పలేదు. అది డిసెంబరులో బయటపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. అయినా 2018లో ఇటలీ 1 కోటి యూరోలు, 2020లో ఫ్రాన్సు 2.5 కోట్ల యూరోలు జరిమానా వేశాయి. అప్‌డేట్ల వ్యవహారంలోనే ఇటలీ శాంసంగ్ కంపెనీకి కూడా 50 లక్షల యూరోలు వేసింది.

అలాగని అప్‌డేట్లు మానుకోవద్దు. దొంగలు దూరే సందులు మూసేవి అవే. బ్యాంకు లావాదేవీలన్నీ ఫోనులోనే గదా! కాకపోతే ముందుగా ఫొటోలు వేరేచోట దాచుకొని, అక్కరలేనివి తీసేసి, కొంత జాగా చేసుకోండి. అప్పటికీ నెమ్మదిస్తే రెండు రోజులాగండి. కొత్త ఫోను కొనేముందు బ్యాటరీని అనుమానించండి. ఇంట్లో పెద్దవాళ్ళు "నాకు చేతకావడం లేదు" అంటే, ముందు వారి చేతిలోని ఫోనును చూడండి.

అమ్మ ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించి, జాగా ఖాళీ చేయించి, మరుసటి ఆదివారం ఇచ్చివచ్చాను. ఆ రాత్రి 8 గంటలకు రెండో గంటకే పలికింది.

"నా వేళ్ళు బాగైనాయి నాయనా!" అంది.